కుంట నీళ్లు, పొట్టేలు బొమికల బొగ్గు: అనంతపురం జిల్లాలో ఒక పల్లె కేసు

ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు, ఎవరు ఒప్పుకున్నారు ఎవరు వద్దన్నారు అని గుర్తుపట్టే వివరాలు కూడా తీసేశాను. జంతువుల వ్యర్థాలతో చౌకగా నీళ్లు శుద్ధి చెయ్యొచ్చు అని చదివి చేద్దామనుకునే వాళ్లు ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, వాళ్ల కోసం నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి ఎముకల బొగ్గు వాడిన ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా రాసి పెడితే పనికొస్తుందనిపించింది. ఈ టాపిక్ మీద దొరికే రాతలు ఎక్కువగా ల్యాబ్ లెక్కలే, డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ ఉప్పు కలిపి ఫలానా పొడి వేస్తే ఇంత శాతం తగ్గింది అని ఉంటాయి. అవి అబద్ధం కాదు, కాకపోతే మన కుంట నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే ఉండదు, బురద ఉంటుంది, సోడా ఉంటుంది, పశువులు దిగిన నీళ్లు ఉంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ నీళ్లు తాగాల్సిన మనుషులు ఉంటారు.

ఊరు, నీళ్లు

రెండొందల లోపు గడపలు. బుడ్డల (వేరుశనగ) పంట, గొర్రెలు, కొంచెం చీనీ (బత్తాయి) తోటలు. అనంతపురం వాన సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అదీ టైముకి పడితే. ఊరికి తాగునీళ్లు ఒక కుంట నుంచి వస్తాయి, తుంగభద్ర డ్యామ్ నుంచి హెచ్చెల్సీకి (ఎగువ కాలువకి) నీళ్లు వదిలినప్పుడు పిల్ల కాలువ నుంచి దాన్ని నింపుకుంటారు, వానలు గట్టిగా పడితే వంక నీళ్లు కూడా వచ్చి కలుస్తాయి. కాలువ బంద్ అయ్యాక మట్టం మెల్లగా దిగుతుంది, మార్చి వచ్చేసరికి సగానికి పడిపోతుంది, అప్పుడు పక్కనే ఉన్న బోర్ల నీళ్లు తెచ్చి అందులోకే వదిలి కలిపి ట్యాంకుకి ఎక్కిస్తారు. జనాల లెక్కలో మాత్రం అవి ఏడాది పొడుగునా కుంట నీళ్లే. ఈ ఒక్క మాట ముందే గుర్తుపెట్టుకోండి, కేసు మొత్తం దీని మీదే తిరుగుతుంది.

ఊర్లో ఒక ఆర్వో ప్లాంట్ ఉండేది, అందులో నీళ్లు వడకట్టే పొర, మెంబ్రేన్, పోయాక మార్చే డబ్బు ఎవరిదన్న దగ్గర ఆగిపోయింది. స్తోమత ఉన్నవాళ్లు 20 లీటర్ల క్యాన్లు కొంటారు, లేనివాళ్లు కుళాయి నీళ్లే.

వచ్చిన కంప్లైంట్ ఏంటి

మమ్మల్ని పిలిచింది స్కూలు టీచరు. పిల్లల ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు ఎక్కువ కనిపిస్తున్నాయి, ఏదైనా చెయ్యగలరా అని. ఊర్లోకి వెళ్లి ఆడవాళ్లతో కూర్చుంటే వాళ్లు చెప్పింది వేరే. "నీళ్లు ఎర్రగా వస్తాండాయి సార్, బిందె అడుగున వండు చేరతాది, వాసన కూడా" అని. పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులు, నడుము వంగకపోవడం చెప్పారు. అందరూ కలిపి ఒకటే అడిగారు, మా నీళ్లకి తక్కువ ఖర్చుతో ఏదైనా ఫిల్టర్ పెట్టండి అని.

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఒకే పేరుతో వచ్చాయి. ఎర్రగా ఉండటం, వాసన, వండు ఇవి కుంట నీళ్ల గుణం, కంటికి కనపడతాయి. పళ్ల చారలు ఫ్లోరైడ్ వల్ల, అది రాతిలోంచి నీళ్లలోకి దిగే లవణం, దానికి రంగు లేదు రుచి లేదు వాసన లేదు. కనపడేది తీసేస్తే కనపడనిది కూడా పోయిందనుకునే ప్రమాదం ఉందని అప్పుడే అనిపించి, ఏ ఫిల్టర్ గురించీ మాట్లాడకుండా ముందు నీళ్లు పరీక్ష చేద్దాం అన్నాం. అది కూడా ఒక్కసారి కాదు, కాలువ నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, కుంటలో విడిగా బోర్లలో విడిగా. ఊర్లో కొందరికి ఇది నచ్చలేదు, పరీక్షలంటారు పోతారు అని, వాళ్ల అనుభవం అలాంటిది, తప్పు పట్టలేం.

ఫలితాలు చూస్తే కాలువ నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము కంటే బాగా తక్కువ, బురద మాత్రం విపరీతం. మే నెలలో అదే కుంటలో ఫ్లోరైడ్ 3 దగ్గరికి వచ్చింది, బురద తక్కువ. మన దేశ తాగునీళ్ల ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే ఫ్లోరైడ్ వస్తున్నది కుంటలోంచి కాదు, ఎండాకాలం కలిపే బోరు నీళ్లలోంచి, పైగా ఎండకి నీళ్లు ఆవిరై మిగిలినవి ఇంకా చిక్కబడతాయి.

మన వైపు రాయి గ్రానైటు, నైసు (gneiss) రకం, అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, లోతు బోర్లలో నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి సోడా గుణం (క్షార గుణం) పెరిగి కాల్షియం తగ్గిపోతుంది. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ని కొంత పట్టి ఉంచేది, అది లేకపోయేసరికి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. ఈ బోర్లలో కూడా అదే, పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 8 పైన, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ ఫ్లోరోసిస్ జబ్బుని మొదట రాసి పెట్టింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలోనే, అంటే మన రాష్ట్రంలోనే. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కూడా పిల్లల పళ్ల మీద అవే చారలు చూస్తుంటే బాధేస్తుంది.

ఏం వాడాలి అన్న చర్చ

ఊర్లో దొరికే వాటితోనే చెయ్యాలి అన్నది మొదటి షరతు, ఎందుకంటే ఆర్వో ఎందుకు మూలపడిందో అందరం చూశాం. జంతువుల నుంచి వచ్చే వ్యర్థాల్లో అక్కడ దొరికేవి మూడు. పేడ, కోడిగుడ్డు పెంకులు, మాంసం అంగళ్ల దగ్గర ఎముకలు. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ గురించి ఒక కుర్రాడు చదువుకొచ్చాడు, మంచిదే కానీ అది కోస్తా సరుకు, అనంతపురం దాకా తెచ్చుకుంటే ఇంక చౌక అనే మాటే ఉండదు.

పేడ ముందు ప్రయత్నించాం, అది ఊరి పెద్దాయన ఒకరు గట్టిగా చెప్పారు కాబట్టి. "పిడకల బూడిదతో పళ్లు తోముకున్నోళ్లమప్పా, మాకు తెల్దా" అని. బూడిదగా కాకుండా గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి కడిగి వాడాం. నీళ్ల వాసన కొంచెం తగ్గింది, ఫ్లోరైడ్ ఇంచు కూడా కదల్లేదు, పైగా మొదటి కడుగుల్లో నీళ్లు టీ రంగులో వచ్చాయి. కారణం ముందే ఊహించొచ్చు. మామూలు బొగ్గు పై పొర పీహెచ్ 8 పైన ఉన్న నీళ్లలో రుణావేశంతో ఉంటుంది, ఫ్లోరైడ్ కూడా రుణావేశమే, రెండూ దూరం నెట్టుకుంటాయి. పేడ బొగ్గుతో రంగులూ కొన్ని లోహాలూ తీసినట్టు ప్రయోగాలు ఉన్నాయి, వాటిని తప్పనడం లేదు, ఈ నీళ్లకి ఉన్న జబ్బు అది కాదు. ఊహించగలిగీ ఎందుకు చేశారు అంటే, ఆ పెద్దాయన ముందు, ఫ్లోరైడ్ ఎంతుందో రంగుతో చెప్పే పరీక్ష కిట్‌లో రంగు చూపించి మాట్లాడటం వేరు, కాగితం మీద కాదని చెప్పడం వేరు. ఆయన తర్వాత మాకు చాలా సాయపడ్డారు.

గుడ్డు పెంకులు హోటళ్లలో, బడి మధ్యాహ్న భోజనంలో బాగానే దొరుకుతాయి. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. కాల్షియం ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది కదా అని చాలామంది దీని మీద ఆశ పెట్టుకుంటారు. ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి, కాల్షియం ఫ్లోరైడ్ అనే ఉప్పు శుద్ధమైన నీళ్లలో కూడా కొంత కరుగుతుంది, అలా కరిగినప్పుడే లీటరుకి 8 మిల్లీగ్రాముల దగ్గర్లో ఫ్లోరైడ్ నీళ్లలో ఉండిపోతుంది. అంటే కాల్షియం ఒక్కదాన్నే నమ్ముకుని పేరబెట్టి 3ని 1కి దించాలంటే చాలా ఎక్కువ కాల్షియం పొయ్యాలి. ఇక పెంకు పొడి పీహెచ్ ఎక్కువ ఉన్న ఈ నీళ్లలో కరగనే కరగదు. ఆమ్లం పోస్తే కరుగుతుంది, కానీ ఇళ్లలో ఆమ్లం వాడమని చెప్పే పని మేం పెట్టుకోం. బకెట్లో వేసి రాత్రంతా ఉంచి చూశాం, తేడా కిట్‌కి అందనంత తక్కువ. అక్కడితో వదిలేశాం.

మిగిలింది ఎముక. కాల్చిన ఎముకలో పెద్ద భాగం హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేటు, కార్బన్ పదో వంతు దాకా మాత్రమే ఉంటుంది. పేరుకి బొగ్గు అంటాం కానీ పని చేసేది బొగ్గు కాదు, ఆ ఖనిజం. అందులో ఉన్న హైడ్రాక్సిల్ జాగాలోకి ఫ్లోరైడ్ వెళ్లి కూర్చుంటుంది, సైజులో రెండూ దగ్గర దగ్గర కాబట్టి. మన పళ్లూ ఎముకలూ ఫ్లోరైడ్‌ని లాక్కునేది కూడా ఇదే దారిలో, కాబట్టి పిల్లల ఎముకకి చేరేదాన్ని ముందే పొట్టేలు ఎముకకి అప్పజెప్తున్నాం అని ఆడవాళ్లకి చెప్తే వెంటనే అర్థమైంది, ఇంక వేరే వివరణ అవసరం పడలేదు. కెన్యాలో నకూరు దగ్గర, టాంజానియాలో ఎన్‌గుర్డోటో దగ్గర దీన్ని ఏళ్ల తరబడి వాడిన అనుభవం ఉంది, కొత్త కనిపెట్టుడేం కాదు.

నల్గొండ పద్ధతి ఎందుకు కాదు అని అడుగుతారు. నాగపూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు 1970ల్లో తయారు చేసిన పద్ధతి అది, పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తేర్చేది. పని చేస్తుంది. కాకపోతే రోజూ కొలత ప్రకారం వెయ్యాలి, ఆల్కలినిటీ (క్షార గుణం) ఎక్కువ ఉన్న నీళ్లలో పటిక చాలా పడుతుంది, బురద చాలా వస్తుంది, కొలత తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. దాన్ని పూర్తిగా పక్కన పెట్టలేదు, ఎక్కడ వాడామో కింద చెప్తాను.

ఎవరి ఎముకలు

ఈ ప్రశ్నని చాలామంది చివర్లో చూసుకుందాం అనుకుంటారు. మేం మొదట్లోనే పెట్టుకున్నాం, ఎందుకంటే ఫిల్టర్ తయారయ్యాక తెలిస్తే మోసం చేసినట్టే అవుతుంది. ఊర్లో హిందువులు ముస్లింలు ఇద్దరూ ఉన్నారు, మాంసం ముట్టని ఇళ్లు కొన్ని ఉన్నాయి. గొడ్డు ఎముక వాడితే ఒకరికి కుదరదు, పంది ఎముక ఇంకొకరికి కుదరదు. కాబట్టి గొర్రె, మేక ఎముకలు మాత్రమే, అవి కూడా దగ్గరి టౌన్లో హలాల్ కోసే మాంసం అంగళ్ల నుంచి మాత్రమే, మూటలు ఊరి ముందు విప్పి చూపించాకే బట్టీకి వెళ్లాలి అని రూలు పెట్టుకున్నాం. కబేళా నుంచి కలిపి వచ్చే ఎముకలు ఇంకా చౌకగా దొరుకుతాయి, కానీ ఏ జంతువువో చెప్పలేం, అందుకే తీసుకోలేదు.

ఒక అవ్వ "బొమికల నీళ్లు దేవుడికి ఎట్ల పెట్టేది నాయినా" అని అడిగింది. కాల్చాక అందులో మాంసం ఏమీ ఉండదు, ఖనిజమే అని చెప్పొచ్చు, చెప్పాం కూడా, కానీ ఆమె అడిగింది కెమిస్ట్రీ కాదు. పూజకి వాన నీళ్లో, కాలువ నీళ్లో విడిగా పెట్టుకోండి, ఈ ఫిల్టర్ తాగడానికి వంటకి మాత్రమే అని అనుకున్నాం. అసలు వద్దన్న ఇళ్లకి నల్గొండ పద్ధతిలో రెండు బకెట్ల ఏర్పాటు చేసి, వాళ్ల నీళ్లకి సరిపడే పటిక కొలత పరీక్ష చేసి గుర్తు పెట్టిన చెంచా ఇచ్చాం. ఒప్పించాల్సిందే అన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు, ఒకరిని బలవంతపెడితే పది ఇళ్లు వెనక్కి పోతాయి.

బట్టీ, మొదటి బ్యాచ్‌లు

అంగళ్ల నుంచి తెచ్చిన ఎముకలు ఉడకబెట్టి కొవ్వు తీసి, బాగా ఎండబెట్టి, ముక్కలు చేసి, పాత ఇనుప డ్రమ్ములో నింపి మూత పెట్టి సందులు బంకమట్టితో మెత్తి, సన్నటి ఒక్క రంధ్రం గ్యాస్ పోవడానికి వదిలి, చుట్టూ బుడ్డల పొట్టు, సర్కారు తుమ్మ కంపతో మంట పెట్టేది. వాసన ఘోరంగా ఉంటుంది, అందుకే ఊరికి దూరంగా పాత ఇటుకల బట్టీ జాగాలో చేశాం.

మొదట వచ్చిన సరుకు పైకి నల్లగా బాగుంది, నీళ్లలో నానేస్తే పసుపు రంగు దిగింది, కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. ఎముకలో ఉన్న జీవపదార్థం పూర్తిగా కాలలేదని అర్థం. ఇలాంటిది ఇంటికి ఇస్తే ఆ వాసనతోనే ప్రాజెక్టు అయిపోతుంది, పైగా మిగిలిన జీవపదార్థం మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి. సరే అని మంట పెంచితే ఈసారి తెల్లగా సున్నంలా అయ్యింది. వాసన లేదు, రంగు దిగడం లేదు, చూడటానికి శుభ్రంగా ఉంది, అందరికీ అదే నచ్చింది. కానీ ఫ్లోరైడ్ పట్టుకోవడం బాగా పడిపోయింది. వేడి మరీ ఎక్కువైతే ఎముకలో ఉండే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి, ఉపరితలం తగ్గిపోతుంది, ఖనిజం ఉన్నా ఫ్లోరైడ్‌కి దాని దగ్గరికి వెళ్లే దారి ఉండదు.

వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి డ్రమ్ములోకి దింపి చూసుకుంటూ చేశాక 450 నుంచి 500 డిగ్రీల మధ్య కొన్ని గంటలు నిలబెట్టిన బ్యాచ్‌లు బాగా వచ్చాయి, మంట కొట్టి ఆపేయడం కాదు, ఆ వేడి నిలకడగా ఉండాలి. పొట్టు ఒకేసారి పోసేయకుండా కొంచెం కొంచెంగా వేస్తే అది కుదిరింది. రోజువారీగా థర్మోకపుల్ లేకుండా చూసుకోవడానికి ఒక పద్ధతి పెట్టాం. ముక్క విరిచి చూడాలి, లోపల దాకా ముదురు బూడిద రంగు లేదా నలుపు ఉండాలి, గోధుమ రంగు మిగిలితే మళ్లీ బట్టీకి, తెల్లబడినవి ఏరి పారెయ్యాలి. తర్వాత గుప్పెడు మంచినీళ్ల గ్లాసులో రాత్రంతా నానేసి తెల్లారి రంగు, వాసన చూడాలి. ఈ గ్లాసు పరీక్ష పాస్ కాని బ్యాచ్ ఊర్లోకి రాదు. కాల్చాక బరువు దాదాపు సగం మిగులుతుంది, దాన్ని దంచి జల్లెడ పట్టి రవ్వ కంటే కొంచెం పెద్ద గింజ, అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు, తీసుకున్నాం. పొడి అయితే త్వరగా పట్టుకుంటుంది కానీ నీళ్లు దిగవు, పెద్ద ముక్కలైతే నీళ్లు దిగుతాయి కానీ పట్టుకోవు.

ఫిల్టర్ పెట్టాక ఏం చెడింది

ముందు కొన్ని ఇళ్లలో డ్రమ్ములో బొగ్గు పోసి కుళాయి నీళ్లు నేరుగా పోశారు. కుంట నీళ్ల ఎర్ర బురద రెండు మూడు రోజుల్లోనే పై పొర మూసేసింది, నీళ్లు దిగడం ఆగిపోయింది, వాళ్లు బొగ్గు తీసి కడిగి మళ్లీ పోస్తే గింజ అరిగి ఇంకా ముద్దయ్యింది. ఖరీదైన సరుకుని మట్టి పట్టడానికి వాడుతున్నాం అన్నమాట, మట్టిని ఇసుక కూడా పడుతుంది.

అందుకని వరస మార్చాం. ముందు నీళ్లు తేర్చాలి, తర్వాత ఇసుక డ్రమ్ము, తర్వాత ఎముకల బొగ్గు. తేర్చడానికి కొందరు ఇళ్లలో ఇండుప గింజ (చిల్ల గింజ) అరగదీసి వేసే అలవాటు ఇంకా ఉంది, బురద దించడంలో అది బాగానే పని చేసింది, మిగతావాళ్లు చిటికెడు పటిక వాడారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చదవండి. పటిక వేసిన నీళ్లని ఫీల్డ్ కిట్‌తో చూస్తే ఫ్లోరైడ్ ఒక్కసారిగా పడిపోయినట్టు చూపించింది. "పటికతోనే పోతాదంటే బొమికలెందుకు సార్" అన్నారు, న్యాయమైన ప్రశ్నే. కానీ చిటికెడు పటికకి అంత ఫ్లోరైడ్ పోయే లెక్క లేదు, నల్గొండ పద్ధతిలో పడే పటిక దానికి ఎన్నో రెట్లు. అనుమానం వచ్చి అదే సీసాని రెండు గంటలు అలాగే ఉంచి మళ్లీ చూస్తే రీడింగు పైకి వచ్చింది. నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టేసుకుని కిట్‌లో రంగు మార్చే జిర్కోనియం దగ్గరికి పోనివ్వదు, అందుకే తక్కువ చూపిస్తుంది, టైమిస్తే కొంత విడుస్తుంది. ల్యాబులో అల్యూమినియం పట్టు విడిపించే బఫర్ ద్రావణం కలిపి ఎలక్ట్రోడ్‌తో చూస్తే అసలు లెక్క తేలింది, ఫ్లోరైడ్ దాదాపు అంతే ఉంది. పటిక వాడే చోట కిట్ రీడింగు ఒక్కటే చూసి ఫ్లోరైడ్ తగ్గిందని రాసుకున్న రిపోర్టులు ఎన్ని ఉన్నాయో అని భయం వేస్తుంది.

ఇంకో సమస్య దీనికంటే పెద్దది. ఇసుక, బొగ్గు రెండూ దాటి వచ్చిన నీళ్లు తళతళలాడుతున్నాయి, వాసన లేదు, ఫ్లోరైడ్ 1 లోపు. ఊరంతా సంతోషం, అప్పటిదాకా క్యాన్ కొన్న ఒకరిద్దరు కూడా మానేస్తాం అన్నారు. ఆ నీళ్లే హెచ్‌టూఎస్ సీసాలో పోసి ఉంచితే మరుసటి రోజుకి నల్లబడింది. అంటే మలం నుంచి వచ్చే సూక్ష్మజీవుల జాడ ఉంది. కుంట అంటే పశువులు దిగుతాయి, వాన పడితే చుట్టూ ఉన్నదంతా అందులోకే వస్తుంది, ఎముకల బొగ్గుకి వాటిని చంపే గుణం లేదు. నీళ్లు అందంగా కనపడేసరికి జనం కాచడం కూడా మానేస్తారు, అంటే ఫిల్టర్ వల్ల విరేచనాలు పెరిగే ప్రమాదం ఉంది. ఆ నల్ల సీసాని రచ్చబండ దగ్గర పెట్టి చూపించాం, తెల్ల నీళ్లు పక్కన పెట్టి. దాచి ఉంటే తర్వాత ఒక్క బిడ్డ జబ్బు పడినా మొత్తం మీద నమ్మకం పోయేది.

క్లోరిన్ ఎక్కడ వెయ్యాలి అన్నది తర్వాతి నిర్ణయం. పంచాయతీ ట్యాంకులో వేసే క్లోరిన్ చాలదా అంటే చాలదు, ఎముకల బొగ్గులో ఉన్న కార్బన్ క్లోరిన్‌ని తినేస్తుంది, డ్రమ్ము దాటేసరికి ఏమీ మిగలదు. కాబట్టి బొగ్గు దాటి బిందెలో పడ్డాకే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగాలి, లీటరుకి 0.2 మిల్లీగ్రాము మిగిలేలా. వాసన నచ్చని వాళ్లు కాచుకోవచ్చు, ఫ్లోరైడ్ తీసేశాక కాచడం వల్ల నష్టం లేదు. ఫ్లోరైడ్ తీయకుండా కాస్తే మాత్రం నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది, ఇది చాలామందికి తెలీదు.

నిలబడిన ఏర్పాటు

చివరికి నిలబడింది ఇది. ఎండాకాలంలో బోరు నీళ్లు కలిపే నెలల్లో మాత్రమే ఎముకల బొగ్గు డ్రమ్ము వాడాలి. కాలువ నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ తక్కువే కాబట్టి దాన్ని పక్కన పెట్టి, తేర్చడం, ఇసుక, క్లోరిన్ ఇంతే. వినడానికి చిన్న మార్పు, కానీ దీనివల్ల ఒక డ్రమ్ము సరుకు ఒకే ఏడాదికి బదులు రెండు ఎండాకాలాలు వచ్చే అవకాశం ఏర్పడింది. ఏ నెలలో మార్చాలో ఊరికి తెలియడానికి, బోరు మోటారు స్విచ్చి వేసే మనిషి బోరు వదిలిన రోజు మైకులో చెప్పేస్తాడు. కుంట నీళ్లలో బోరు నీళ్లు కలిపారు, బొగ్గు డ్రమ్ము పెట్టుకోండి అని. అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

లెక్క ఇలా వేసుకున్నాం. లీటరులో తీయాల్సిన ఫ్లోరైడ్ సుమారు 2 మిల్లీగ్రాములు. పుస్తకాల్లో గ్రాము ఎముకల బొగ్గు 2 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుందని ఉంటుంది, కానీ మన నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, పీహెచ్ ఎక్కువ, ఇవి రెండూ పట్టును తగ్గిస్తాయి, అందుకే గ్రాముకి 1 అనే అనుకున్నాం. అప్పుడు కిలోకి 500 లీటర్లు. ఇంటికి తాగడానికి వంటకి కలిపి రోజుకి 20 లీటర్లు అనుకుంటే 10 కిలోల డ్రమ్ము 5000 లీటర్లు, అంటే 250 రోజులు. స్నానానికీ పశువులకీ ఈ నీళ్లు అక్కర్లేదు అని గట్టిగా చెప్పాలి, లేకపోతే ఈ లెక్క నెలలోనే అయిపోతుంది. నీళ్లు బొగ్గులో కనీసం అరగంట నిలిచేలా కుళాయి సన్నగా పెట్టాం, గంటకి పది లీటర్లకి మించకుండా. కొత్త బొగ్గు మొదట్లో నీళ్ల పీహెచ్ పెంచుతుంది, కాబట్టి మొదటి కొన్ని బిందెలు పారబోయాలి.

ఇక అసలు చిక్కు, బొగ్గు అయిపోయిందని ఇంట్లో ఎలా తెలుస్తుంది. నీళ్లు అలాగే తెల్లగా ఉంటాయి, రుచి మారదు. ఇంటింటికీ కిట్ ఇవ్వలేం. ఒక అక్క చెప్పిన ఉపాయం అందరం పట్టుకున్నాం, డ్రమ్ములో పోసిన ప్రతి బిందెకీ ఒక చింతపిక్క సీసాలో వెయ్యడం, సీసా మీద గీసిన గీత దాకా పిక్కలు వస్తే కబురు చెయ్యడం. గీత లెక్క కంటే కొంచెం కిందే గీశాం, పది కిలోలు అయిపోయేలోపే మార్చేలా. గీత దగ్గర పడిన ఇళ్లలో కిట్‌తో చూస్తే చాలావరకు 1 లోపే ఉంది, ఒక ఇంట్లో 1.5 దాటింది, అడిగితే కోళ్లకి కూడా అవే నీళ్లు పోస్తున్నారు, ఆ బిందెలకి పిక్క వెయ్యలేదు.

వాడిన బొగ్గుని ఒక శాతం కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడొచ్చు. మేం వద్దనుకున్నాం. కాస్టిక్ పిల్లలున్న ఇళ్ల దగ్గర పెట్టకూడదు, కడిగాక మిగిలే నీళ్లలో ఫ్లోరైడ్ చాలా చిక్కగా ఉంటుంది, దాన్ని ఎక్కడ పోస్తాం, వంకలో పోస్తే మళ్లీ కుంటకే వస్తుంది. కొత్త ఎముకలు కాల్చడం దీనికంటే సులువు. వాడేసిన బొగ్గు కుంటకీ బావికీ దూరంగా గుంట తీసి, పైన టార్పాలిన్, మట్టి కప్పి పెడుతున్నాం. ఎరువుగా వెయ్యొచ్చు కదా ఫాస్ఫేటు ఉంటుంది అని అడిగారు, ఫ్లోరైడ్ పట్టుకున్న సరుకుని కూరగాయల మడిలో వెయ్యడానికి నేను ఒప్పుకోలేదు.

అందరికీ ఒకేసారి సరిపడా బొగ్గు లేనప్పుడు ఎవరికి ముందు అన్నది కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. అంగన్‌వాడీ, బడి, గర్భిణులున్న ఇళ్లు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లు, ఈ వరస. పాల పళ్లు ఊడాక వచ్చే పళ్లు చిగురు లోపల తయారయ్యేది ఆ వయసు దాకానే, తర్వాత ఎంత మంచి నీళ్లు ఇచ్చినా పడిన చార పోదు. పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు పోతాయని మేం ఎవరికీ చెప్పలేదు, అడిగిన వాళ్లకి డాక్టరుని చూడమనే చెప్పాం.

ఇలాంటిది చేద్దామనుకునే వాళ్లకి

ముందు మీ దగ్గర ఏ వ్యర్థం దొరుకుతుంది అని చూడకండి, ఆ నీళ్లలో ఏముంది, ఏ నెలలో ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది అని చూడండి. ఈ ఊర్లో మే నెల నీళ్లు ఒక్కటే చూసి ఉంటే ఏడాదంతా ఎముకల బొగ్గు వాడేవాళ్లం, ఆగస్టు నీళ్లు ఒక్కటే చూసి ఉంటే ఫ్లోరైడే లేదు ఇసుక చాలు అనేవాళ్లం. పైపు వేసి కాలువ నీళ్లు ఎండాకాలానికి కూడా సరిపడా నిల్వ చేసుకోగలిగితే బొగ్గు అవసరమే ఉండదు, 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చిన పల్లెల్లో జనానికి ఆ తేడా ఏంటో బాగా తెలుసు. అది వచ్చేదాకా చేసే పని ఇది, దానికి బదులు కాదు, పంచాయతీ మీటింగులో కూడా ఇదే మాట చెప్పాం. కుంట పూడిక తీసి లోతు పెంచాలని అర్జీ ఫ్లోరైడ్ రిపోర్టుల కాపీలతో కలిపి పెట్టించాం.

కిట్ కొనేటప్పుడు రీఏజెంటు తేదీ చూసుకోండి, అనంతపురం ఎండకి షెడ్డులో పెడితే తేదీ లోపే పాడవుతుంది, తెలిసిన ఫ్లోరైడ్ ఉన్న స్టాండర్డ్ సీసా ఒకటి పక్కన పెట్టుకుని ప్రతిసారీ దాంతో సరిచూసుకోవాలి. క్లోరిన్ కలిపిన నీళ్లని కూడా నేరుగా కిట్‌లో పోయకండి, రంగు చెడగొడుతుంది, క్లోరిన్ మాత్ర వెయ్యకముందే శాంపిల్ పట్టుకోండి.

బట్టీ పని ఇప్పుడు ఊర్లో పొదుపు సంఘం ఆడవాళ్లే చూసుకుంటున్నారు. ఎముకలు ఉడకబెట్టే పని ఎవరూ ఇష్టపడటం లేదు, దానికి కూలి కాస్త పెంచారు. బక్రీద్ తర్వాత ఎముకలు ఎక్కువ దొరుకుతాయి, అప్పుడే ఎండబెట్టి గోనె సంచుల్లో నింపి పెట్టుకుంటే మిగతా నెలల్లో అంగళ్ల చుట్టూ తిరిగే పని తగ్గుతుంది. కుక్కలు లాక్కుపోకుండా గది ఒకటి కావాలి, బడి వెనకాల పాత గది అడిగారు, ఇంకా తాళం చేతికి రాలేదు.